గంటలా మోగితేనే గొట్టం!

వేలంలో చవగ్గా దొరికిన పాత తుపాకీ. గొట్టం మీద సొట్ట, కర్రలో పగులు, లోపలంతా తుప్పు గుంటలు. బాగుచేయించి తళతళలాడించాలని కొన్నవాడి ఆరాటం. కానీ ఈ పనిలో తలపండినవాళ్లు అందరికన్నా ఆలస్యంగా, అన్నిటికన్నా కష్టపడి నేర్చుకునే విద్య ఒకటుంది... ఎక్కడ చెయ్యి ఆపాలో తెలుసుకోవడం!

ఇంగ్లండులో పాత తుపాకుల వేలమంటే అదో చిన్న తిరునాళ్ల. గాజు బీరువాల్లో లండన్ పెద్దింటి తుపాకులు... పర్డీలు, హాలండ్ అండ్ హాలండ్‌లు కొలువుదీరి ఉంటాయి. జనమంతా వాటి చుట్టూనే. గోడవారన వరసగా నిలబెట్టిన మిగతావాటిని పలకరించేవాళ్లు తక్కువ. కేటలాగులో వాటికి దక్కేది రెండు ముక్కలే. 'పన్నెండో బోరు, రెండు గొట్టాలు, బర్మింగ్‌హామ్ తయారీ, మరమ్మతు అవసరం.' ఒకరో ఇద్దరో చెయ్యెత్తుతారు. సుత్తి టక్కుమంటుంది. అయిపోయింది!

అలాంటి తుపాకీనే ఒకాయన పాడుకున్నాడనుకుందాం. 1890ల నాటిది. పాటలో పలికిన ధరకు వేలం సంస్థ కమిషనూ, దాని మీద పన్నూ కలిశాయి. అయినా చవకే అనుకున్నాడు. నూరేళ్లు దాటిన వస్తువే అయినా దాన్ని గోడగడియారంలా చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవడానికి వీల్లేదు. ఇప్పటికీ దుకాణాల్లో దొరికే తూటాలు పట్టే తుపాకీ కాబట్టి, పోలీసులిచ్చే షాట్‌గన్ సర్టిఫికెట్ చేతిలో ఉండాల్సిందే. ఆ కాగితం చూపించి, తుపాకీని సంచిలో పెట్టుకుని, ఆయన నేరుగా తుపాకులు బాగుచేసే పనివాడి దగ్గరికి వెళ్లాడు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

పన్నెండు లెక్క

ముందు ఈ 'పన్నెండో బోరు' సంగతి చెప్పుకోవాలి. రైఫిల్ ఒకేఒక్క గుండును దూరానికి విసురుతుంది. షాట్‌గన్ అలా కాదు, ఒక్కసారే వందల చిన్న సీసపు రవ్వల్ని చిమ్ముతుంది. ఎగిరే పక్షికి గురిపెట్టడానికి పుట్టిన ఆయుధం అది. దాని గొట్టం లోపలి వెడల్పును ఇంగ్లీషువాళ్లు సీసంతో కొలిచారు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఆ ఒక్కో గుండూ సరిగ్గా పట్టే గొట్టమే పన్నెండో బోరు. అంకెల్లో చెప్పాలంటే 0.729 అంగుళాలు. మిల్లీమీటర్లలో సుమారు పద్దెనిమిదిన్నర. ఈ అంకెను కాస్త గుర్తుపెట్టుకోవాలి. కథలో మలుపంతా దీని దగ్గరే ఉంది.

ఇక బర్మింగ్‌హామ్. ఆ ఊళ్లో తుపాకుల పేటే ఒకటుండేది. ఒక్కో తుపాకీ పదిమంది చేతులు మారేది. గొట్టం చేసేవాడొకడు, దాన్ని ఆకురాయితో సానబెట్టేవాడొకడు, తాళం లాంటి లోపలి యంత్రం బిగించేవాడొకడు, కర్ర చెక్కేవాడొకడు, నగిషీలు చెక్కేవాడు ఇంకొకడు. మన దగ్గర ఒక చీర చేతికొచ్చేలోపు నూలు వడికేవాళ్లు, రంగులద్దేవాళ్లు, మగ్గం నేసేవాళ్లు ఉన్నట్టే. ఆ ఊళ్లోనే వెస్ట్‌లీ రిచర్డ్స్ సంస్థలో పనిచేసిన విలియం ఆన్సన్, జాన్ డీలీ 1875లో ఒక కొత్త పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. అంతకుముందు తుపాకీ పైన కొమ్ముల్లా కనిపించే సుత్తుల్ని వాళ్లు లోపల దాచేశారు. గొట్టాల్ని కిందికి వంచితే చాలు, సుత్తులు వాటంతటవే ఎక్కుపెట్టుకుంటాయి! తక్కువ భాగాలు, తక్కువ పని, తక్కువ ధర. దేశదేశాలవాళ్లూ ఆ పద్ధతిని అందిపుచ్చుకున్నారు. నూటపాతికేళ్ల తర్వాత కూడా వేలంశాలల గోడవారన ఇవి వరసలు కట్టడానికి కారణం అదే.

తట్టి చూడు... విని చూడు

తుపాకీ చేతికందగానే పనివాడు చేసే మొదటి పని, లోపల తూటా ఉందేమో చూడటం. ఎంత నమ్మకస్తుడు ఇచ్చినా సరే, ఎన్నేళ్లుగా అటక మీద పడున్నా సరే, ఇందులో మినహాయింపు లేదు. రెండు గొట్టాలూ ఖాళీ అని కళ్లతో చూశాకే మిగతా పని.

ఆ తర్వాత గొట్టాల్ని కర్ర నుంచి విడదీస్తాడు. వాటి కింద ఉండే కొక్కేన్ని వేలికి తగిలించి గాల్లో వేలాడదీస్తాడు. ఇంకో చేతి వేలిగోరుతో ఠంగున కొడతాడు. చెవి దగ్గర పెట్టుకుని వింటాడు.

కుండలమ్మే చోట మన అమ్మమ్మలు చేసే పనే ఇది! కణుపుతో తట్టి, ఖంగుమంటే బేరం, బొద్దుగా పలికితే పక్కకి. తుపాకీ గొట్టాలకూ అదే పరీక్ష. రెండు గొట్టాల్నీ కలుపుతూ మధ్యలో పైనొకటి, కిందొకటి సన్నటి ఉక్కు పట్టీలుంటాయి. వాటిని టంకంతో అతికిస్తారు. అతుకు గట్టిగా ఉంటే గొట్టాల జత గుడి గంటలా మోగుతుంది, మోత కాసేపు సాగుతుంది. ఎక్కడో అతుకు విడిపోయి ఉంటే చిల్లిపడ్డ తప్పేలా చప్పగా పలుకుతుంది. అతుకు విడిచిన సందులో తేమ చేరుతుంది. పైకి కనిపించకుండా లోపల్నుంచి గొట్టాన్ని తినేస్తుంది.

తర్వాత గొట్టాన్ని కిటికీవైపు పెట్టి లోపలికి చూస్తాడు. నున్నటి గొట్టంలో వెలుగునీడలు గుండ్రటి వలయాలుగా వరసకడతాయి. సొట్ట ఉన్నచోట వలయం వంకర తిరుగుతుంది. మన తుపాకీలో ఎడమ గొట్టం మధ్యన ఒక వలయం అలాగే చెదిరింది. ఎప్పుడో ఎవరో దేనికో కొట్టి ఉంటారు. తూటా పెట్టే చోటుకి కాస్త ముందు, మశూచి మచ్చల్లా చిన్నచిన్న గుంటలు. పాతకాలపు తూటాలు పేలాక మిగిలే మసి తేమను పీల్చుకునేది. వేటనుంచి వచ్చి తుడవకుండా మూలన పెట్టిన సాయంత్రాలన్నీ అలా గొట్టంలో మచ్చలై మిగిలిపోయాయన్నమాట.

కిరీటం కింద అక్షరాలు

ఇప్పుడు పనివాడు గొట్టాల్ని తిరగేస్తాడు. అడుగున, మామూలుగా కనిపించని చోట, చిన్నచిన్న ముద్రలు. కిరీటాలు, అక్షరాలు, అంకెలు. తుపాకీ జాతకమంతా అక్కడే ఉంటుంది.

ఇంగ్లండులో తయారైన ప్రతి తుపాకీ అమ్మకానికి వెళ్లేముందు 'ప్రూఫ్ హౌస్' అనే పరీక్షాశాల గడప తొక్కాలి. లండన్‌లో ఈ పని తుపాకీ తయారీదారుల సంఘానిది. ఆ సంఘానికి 1637లోనే రాజపత్రం దక్కింది. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813లో పార్లమెంటు చట్టంతో మొదలైంది. ఇప్పటికీ పనిచేస్తోంది. పరీక్ష పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. మామూలు తూటా కన్నా ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటా పెట్టి, మనుషులు దూరంగా ఉండి పేలుస్తారు. గొట్టం ఉబ్బకుండా, పగలకుండా నిలబడితే ముద్ర. లేకపోతే లేదు. ఆ అర్హత పోయిన తుపాకీని అమ్మడం అక్కడ నేరం.

ఏ మందుకు పరీక్షించారో కూడా ముద్రే చెబుతుంది. గంధకం, సురేకారం, బొగ్గు కలిపి చేసే పాత తుపాకీమందు వేరు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియేల్ తయారుచేసిన పొగరాని మందు, దాని వెనకే వచ్చిన నైట్రో మందులు వేరు. కొత్తవాటి ఒత్తిడి తీరే వేరు. అందుకే బర్మింగ్‌హామ్‌లో కిరీటం కింద వేరే అక్షరాలతో ఒక ముద్ర కొట్టడం మొదలుపెట్టారు. నైట్రో మందుకు నిలిచిన గొట్టం అని దానర్థం. ఆ గుర్తు లేని పాత తుపాకీలో ఇవాళ దుకాణంలో దొరికే తూటా పెట్టడమంటే, సైకిలు ట్యూబుకి లారీ గాలి కొట్టడమే!

ఇంకో చిక్కూ ఉంది. ఆనాటి ఇంగ్లీషు తుపాకుల్లో తూటా కూర్చునే గది సాధారణంగా రెండున్నర అంగుళాలే. ఇప్పటి తూటాలు ఎక్కువగా రెండుంముప్పావు అంగుళాలవి. పొడుగు తూటా ఆ పొట్టి గదిలో హాయిగా దూరిపోతుంది. కానీ పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటుండదు. ఒత్తిడి పెరుగుతుంది. పట్టింది కదా అని పేల్చకూడదని పనివాళ్లు నెత్తీనోరూ బాదుకునేది ఇందుకే.

ఉక్కు మాట మనదే

మన తుపాకీ గొట్టాల మీద తుప్పును కాస్త తుడిచేసరికి లోపల్నుంచి ఒక అల్లిక బయటపడింది. పట్టుచీర మీద నీటి అలల్లాగా, సన్నటి చుట్టలు చుట్టలుగా. కొన్నవాడి కళ్లు మెరిశాయి. అది 'డమాస్కస్' గొట్టం!

ఈ గొట్టాలు చేసే పద్ధతి వింటే కమ్మరికి దండం పెట్టాలనిపిస్తుంది. ఇనుప కడ్డీలూ ఉక్కు కడ్డీలూ కలిపి కాల్చి ఒక్కటి చేస్తారు. ఆ కడ్డీని జడలా మెలితిప్పుతారు. అలాంటి మెలికల్ని రెండో మూడో పక్కపక్కన అతికి పట్టీ చేస్తారు. ఆ పట్టీని ఒక ఇనుప కమ్మీ చుట్టూ స్ప్రింగులా చుట్టి, ఎర్రగా కాల్చి, సుత్తిదెబ్బలతో చుట్టకు చుట్టను అతికిస్తారు. తర్వాత లోపల తొలిచి, పైన సానబెట్టి గొట్టం చేస్తారు. దానికి ఆమ్లం పూసినప్పుడు ఇనుము ఒక రంగు, ఉక్కు ఒక రంగు తేలి అల్లిక కనిపిస్తుంది. ఒకప్పుడైతే అరిగిపోయిన గుర్రపు నాడాల మేకుల్ని ఏరి, కరిగించకుండా కాల్చి అతికి గొట్టాలు చేసేవారు. గుర్రం కాలికింద దెబ్బలు తిని తిని ఆ ఇనుము గట్టిపడుతుందని వాళ్ల నమ్మకం.

డమాస్కస్ అనే పేరు మాత్రం కత్తుల నుంచి అరువు తెచ్చుకున్నది. సిరియాలోని ఆ నగరం పేరుతో ప్రపంచమంతా చెప్పుకున్న అలల కత్తులకు ముడిసరుకు ఎక్కువగా దక్షిణ భారతం నుంచే వెళ్లింది. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'వూట్జ్' అన్నారు. మన 'ఉక్కు' అనే మాటే వాళ్ల నోట్లో అలా అయిందని పండితులు చెబుతారు. అయితే తేడా ఒకటుంది. కోనసముద్రం ఉక్కులో అలలు కరిగి చల్లారేటప్పుడు లోహంలో తమంతట తామే పుడతాయి. తుపాకీ గొట్టంలోని అలలు రెండు లోహాల్ని మెలితిప్పి అతికినవి. పోలికను బట్టి పేరొచ్చింది, అంతే.

అతుకుల గొట్టం కదా, అన్నీ ప్రమాదమేనా అంటే అలా చెప్పలేం. నైట్రో పరీక్షకు కూడా నిలబడిన డమాస్కస్ గొట్టాలు ఉన్నాయి. నిలబడనివీ ఉన్నాయి. చూపుకి రెండూ ఒక్కలాగే ఉంటాయి. తేల్చేది ముద్రా, కొలతా... ఆ రెండే.

ఒక పోస్టుకార్డు మందం

ఇక్కడే కొన్నవాడికీ పనివాడికీ అసలు పంచాయితీ వచ్చింది.

సొట్ట సంగతి తేలిగ్గానే తేలిపోయింది. గొట్టం లోపల సరిగ్గా పట్టే దిమ్మను దూర్చి, అడుగునుంచి కొద్దికొద్దిగా ఒత్తిడి పెంచుతూ పైన చిన్న సుత్తితో తడుతూ వస్తే, సొట్ట మెల్లగా లేస్తుంది. సొట్ట లేవనివ్వకుండా పైన ఉబ్బును ఆకురాయితో అరగదీసేస్తే మాత్రం గొట్టం ఆ చోట పలచబడి పనికిరాకుండా పోతుంది. గతంలో ఎవరో అలా చేశారేమోనని పనివాడు ముందే కొలిచి చూసుకున్నాడు. చేయలేదు. బతికిపోయింది.

ఇక గుంటలు. "లోపలంతా అద్దంలా చేసెయ్యండి" అన్నాడు కొన్నవాడు.

చేయొచ్చు. సీసపు ముద్దకు ఎమరీ పొడి పట్టించి గొట్టంలో ముందుకీ వెనక్కీ తిప్పితే మచ్చలు పోతాయి. కానీ మచ్చ పోవడమంటే మచ్చ అడుగుదాకా చుట్టూ ఉన్న లోహమంతా పోవడమే. గొట్టం లోపల వెడల్పవుతుంది, గోడ పలచబడుతుంది. ఇందాకటి అంకెను ఇప్పుడు గుర్తుచేసుకోవాలి. ముద్ర 12 అని ఉంటే పుట్టినప్పుడు గొట్టం 0.729 అంగుళాలు. వెనకవైపు నుంచి తొమ్మిది అంగుళాల లోపల కొలిచినప్పుడు అది 0.740కి చేరిందంటే పాత ముద్ర చెల్లదు. రెంటికీ తేడా ఎంత? 0.011 అంగుళాలు. దాదాపుగా ఒక పోస్టుకార్డు మందం! నూటపాతికేళ్ల ఆయుష్షుకి ఆ తుపాకీ దగ్గరున్న నిల్వంతా అంతే. అందులోంచి ఎన్నిసార్లు ఎవరెవరు గీకి తీసుకున్నారో!

పనివాడు కొలిచాడు. 0.736. ఇంకా 0.004 మిగిలింది. గోడ మందమూ చూశాడు. ఇంగ్లండు పనివాళ్లు గొట్టం గోడ 0.020 అంగుళాల కన్నా పలచబడితే ఒప్పుకోరు. అంటే అర మిల్లీమీటరు. రెండు పోస్టుకార్డులు. చెంపకు ఆనించి పేల్చే మనిషి ఎడమచేతికీ, పేలుడుకూ మధ్య ఉండేది ఆ మాత్రం ఉక్కే. ఈ గొట్టంలో సన్నగా ఉన్న చోట 0.023 ఉంది.

గుంటలు పూర్తిగా పోవాలంటే ఎంత తీయాలి? 0.005 పైనే.

"గుంటల్ని ఉండనిద్దాం" అన్నాడు పనివాడు. పైపైన తుప్పు మాత్రం తీసి, నూనె రాసి, వాటిని అక్కడితో ఆపేద్దామన్నాడు. కొన్నవాడి మొహం చిన్నబోయింది. పెట్టిన డబ్బుకి లోపల మెరవకపోతే ఎలా? నిజానికి చాలా పాత తుపాకులు చచ్చేది ఇక్కడే. వాటిని చంపేది తుప్పు కాదు, తుప్పు మీది కోపం. మచ్చలున్న గొట్టం ఇంకా కొన్ని దశాబ్దాలు బతుకుతుంది. మెరిసే గొట్టం ముద్ర పోగొట్టుకుని గోడకెక్కుతుంది. తీసిన లోహాన్ని తిరిగి పెట్టే విద్య ఎవరి దగ్గరా లేదు.

అలా ముద్ర పోయినవాటికీ ఒక దారి లేకపోలేదు. గొట్టాల్ని మొదట్లోనే కోసి, ఆ మొదళ్లలోకి కొత్త గొట్టాల్ని దూర్చి అతుకుతారు. మళ్లీ ప్రూఫ్ హౌస్‌కు పంపి పరీక్ష చేయిస్తారు. గొట్టం మార్చిన సంగతి దాచకుండా దాని మీదే ముద్ర కొడతారు. తుపాకీ మళ్లీ పేలుతుంది గానీ, పట్టుచీర అలలు మాత్రం ఉండవు.

దీపం మసి, ఇస్త్రీపెట్టె

గొట్టాలు ఒడ్డునపడ్డాయి. ఇక బిగువు. గొట్టాల్ని కర్రకు బిగించి, చెవి దగ్గర పెట్టుకుని అటూఇటూ ఊపితే సన్నగా కటకటమంది. వేలసార్లు తెరిచి మూసీ మూసీ, అవి తిరిగే కీలు అరిగిపోయింది. వెనకున్న ఉక్కు దిమ్మకూ గొట్టాలకూ మధ్య వెంట్రుకంత సందు. దాన్ని సుత్తితో నొక్కి బిగించేసేవాళ్లూ ఉన్నారు. నాలుగు రోజులు బిగువుగా ఉండి మళ్లీ వదులైపోతుంది. సరైన పని, కీలు మేకును కొత్తగా చేసి వేయడం. వేశాక అది ఎక్కడ ఒరుసుకుంటోందో తెలియాలి కదా? దానికి పనివాడు వాడేది ఒక దీపం! పొగవత్తి మీద గొట్టం కొసను ఆనించి మసి పట్టిస్తాడు, అచ్చం మన ఇళ్లలో కాటుక పట్టినట్టే. బిగించి, విప్పి చూస్తాడు. మసి చెరిగిన చోటే ఒరుసుకుంటోందని గుర్తు. అక్కడ ఆకురాయితో ఒక్క గీత. మళ్లీ మసి, మళ్లీ బిగింపు, మళ్లీ ఒక్క గీత. ఒక పూటంతా అదే పని. ఎంత అధునాతన కొలత పరికరాలొచ్చినా ఈ మసి పద్ధతిని ఈ వృత్తి వదల్లేదు.

మరలు విప్పడం కూడా ఒక పరీక్షే. పాత తుపాకీ మరల తలల మీద గాడి వెంట్రుకవాసి సన్నం. వాటి చుట్టూ నగిషీ. చేతికందిన స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే జారి నగిషీని గీరేస్తుంది. అందుకే పనివాడు ఒక్కో గాడికి సరిపోయేలా ఒక్కో స్క్రూడ్రైవరు కొసను సానబెట్టుకుంటాడు. మంచి తుపాకీలో మరలన్నీ బిగిశాక గాళ్లన్నీ గొట్టం వెంబడే ఒకే దిక్కు చూస్తుంటాయి. ఒక్కటి వంకర తిరిగి ఉందంటే మధ్యలో ఎవడో చెయ్యి పెట్టాడని అర్థం!

కర్రది వేరే కథ. అది అక్రోటు చెట్టు కర్ర. దశాబ్దాల తరబడి యంత్రానికి వేసిన నూనె అంతా వెనక్కి జారి కర్ర తాగేసింది. తాగి తాగి మెత్తబడి, చెయ్యి పట్టే సన్నటి మెడ దగ్గర చీలింది. జిడ్డు ఉన్నచోట ఏ జిగురూ పట్టదు. అందుకని సుద్దపొడిని ద్రావకంలో కలిపి పట్టీలా వేస్తారు. ఆరేకొద్దీ సుద్ద నూనెను పీల్చుకుని గోధుమరంగుకు తిరుగుతుంది. దులిపి మళ్లీ వేస్తారు. సుద్ద తెల్లగానే మిగిలిన రోజున జిగురు పెట్టి, లోపల కనిపించకుండా ఒక సన్నటి మేకు దించి, కట్టుకట్టి వదిలేస్తారు.

మడమ మీద పడ్డ నొక్కుల్ని మాత్రం మన ఇంట్లోవాళ్లయినా తీసేయగలరు. తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తే చాలు. ఆవిరి తగలగానే నలిగిన కర్ర నరాలు ఉబ్బి పైకి లేస్తాయి. గరుకు కాగితంతో రుద్దితే కర్ర తరిగిపోతుంది, ఆవిరితో అయితే ఏమీ పోదు. ఆ తర్వాత అవిసె నూనె. ఎర్రటి ఛాయ కోసం అందులో ఆల్కనెట్ అనే వేరు నానబెడతారు. వంటల్లో రంగుకు వాడే రతన్‌జోత్‌కు అది దగ్గరి చుట్టం. రెండు చుక్కలు వేసి అరచేతి వేడి పుట్టేదాకా రుద్దాలి. మర్నాడు మళ్లీ రెండు చుక్కలు. వారాలు గడిచేకొద్దీ కర్రలో అలలు తేలతాయి. తొందరపడి ఒక్కరోజే గిన్నెడు పోస్తే మిగిలేది జిడ్డే.

తుప్పే కాపలా

చివరిది గొట్టాల రంగు. ఇదే అన్నిటికన్నా విచిత్రం. తుప్పు పట్టకుండా గొట్టానికి వేసే రంగు... తుప్పే!

గొట్టాల్ని జిడ్డు లేకుండా తుడిచి, ఒక ద్రావణం పూసి, తేమగా ఉన్న అలమారలో వేలాడదీస్తారు. కొన్ని గంటల్లో సన్నటి ఎర్ర తుప్పు నూగులా లేస్తుంది. మచిలీపట్నంలోనో కాకినాడలోనో అయితే ఆ అలమార కూడా అక్కర్లేదేమో! మెత్తటి తీగ బ్రష్షుతో నూగును దులిపితే అడుగున పలచటి గోధుమ పొర మిగులుతుంది. మళ్లీ పూత, మళ్లీ తుప్పు, మళ్లీ దులుపుడు. నల్లరంగు కావాలంటే ప్రతిసారీ మరిగే నీళ్లలో ముంచుతారు. ఎర్ర తుప్పు నల్లటి ఆక్సైడుగా మారి లోహాన్ని అంటిపెట్టుకుంటుంది. రోజులు పట్టే పని. డమాస్కస్ గొట్టం మీద ఇనుము ఒక తీరుగా, ఉక్కు ఒక తీరుగా ఈ రంగును పట్టుకోవడంతో ఆరిపోయిన అల్లిక మళ్లీ వెలుగుతుంది.

వేడి రసాయనాల తొట్టిలో ముంచి గంటలో నల్లగా చేసిచ్చే పద్ధతి వేరే ఉంది. కొత్త తుపాకులకు అది చక్కగా సరిపోతుంది. పాత జోడుగొట్టాల్ని అందులో ముంచితే మాత్రం పట్టీల్ని పట్టుకున్న టంకాన్ని ఆ క్షారం తినేస్తుంది. పైకి నిగనిగలాడుతూ బయటికొస్తుంది. వేలికి తగిలించి కొడితే... చిల్లి తప్పేలా చప్పుడు!

మన ఇళ్లలో ఉంటే...

ఇలాంటి తుపాకులు మన దగ్గర లేవా అంటే, ఉన్నాయి. సంస్థానాధీశులూ జమీందార్లూ లండన్, బర్మింగ్‌హామ్‌ల నుంచి తెప్పించుకున్నారు. కలకత్తాలో రోడ్డా, మద్రాసులో పీ ఓర్ అండ్ సన్స్ లాంటి దుకాణాల్లోనూ కొన్నారు. వేటకని కొన్నవాటికి 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక ఆ పనీ లేదు. తాతల పేరుమీదున్న తుపాకీ ఏ బీరువాలోనో, ఎన్నికలొచ్చిన ప్రతిసారీ పోలీస్‌స్టేషన్‌లోనో కాలం వెళ్లదీస్తుంటుంది.

ఇంగ్లండులో యజమాని తన తుపాకీని తన బల్ల మీద పెట్టుకుని కర్రకు నూనె పట్టించుకోవచ్చు. మన చట్టం ఇంకా కట్టుదిట్టం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ ఉంచుకోవడానికి లైసెన్సు కావాలి. వాటిని బాగుచేసే వ్యాపారానికీ లైసెన్సు కావాలి. ఊళ్లో లేతు మిషనున్న మేస్త్రీకి ఇచ్చి గొట్టం గీకించడం, సరదాకి కోయించి పొట్టి చేయించడం... ప్రాణానికే కాదు, చట్టానికీ ముప్పే. పైగా 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు. పెద్దాయన పోయాక వారసులు చేయాల్సిన మొదటి పని, దాన్ని తుడవడం కాదు. పోలీస్‌స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించి, తమ పేరు మీదికి మార్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవడం. అనుమతి వచ్చాకే మిగతా ముచ్చట.

అనుమతి ఉన్నా లేకున్నా ఒక్క సూత్రం మాత్రం అందరిదీ. ముద్ర చదవకుండా, గొట్టం కొలిపించకుండా పాత తుపాకీలో తూటా పెట్టకూడదు. దసరాకు ఆయుధపూజ చేసి గాల్లోకి ఒకటి పేల్చుదామనుకునే మేనల్లుళ్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచాలి.

ఇక మన కథలోని తుపాకీ. పని పూర్తయ్యేసరికి నెలలు గడిచాయి. కొన్న ధరకు రెండింతలు ఖర్చయింది. అమ్మితే అంత రాదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. గొట్టాల మీద అలలు తేలాయి. కర్ర మెడలో చీలిక ఉన్నచోట, వెతికితే తప్ప దొరకని ఒక సన్నగీత. లోపల గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి, నల్లగా, నూనె తాగి, కదలకుండా. ముద్ర 12. కొలత 0.736. ఒక్క చుక్క ఉక్కు కూడా పోలేదు.

తీసుకోవడానికి వచ్చిన రోజున కొన్నవాడు గొట్టాల్ని కిటికీవైపు పెట్టి లోపలికి చూశాడు. మచ్చలు కనబడ్డాయి. ఏమీ అనలేదు. కొక్కేన్ని వేలికి తగిలించుకున్నాడు. గోటితో ఠంగున కొట్టాడు.

గంటలా మోగింది.